మైకు బాబాయి చెప్పిన తీర్పు

మా బాబాయి అబద్ధాలు చెప్పడు, కోతలు కోస్తాడు. రెంటికీ తేడా ఉందని మా నాన్న అంటుండేవాడు. అబద్ధం ఎదుటివాడి దగ్గర ఏదో ఒకటి లాక్కుపోతుందట, కోత కాస్త నవ్వు ఇచ్చి పోతుందట. అందుకే దేవుడి మీద భారం వేసి, ఆ సాయంత్రం ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

నలభై ఏళ్ళు సభలకి మైకు సెట్లు బిగించాడు కాబట్టి ఆయన మైకు బాబాయి. పని మానుకున్నాక మా వీధి పఠనాలయానికి అధ్యక్షుడయ్యాడు. కార్యదర్శి ఆయన చిన్ననాటి స్నేహితుడు, ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసినాయన. భార్య పోయాక కాంపౌండరుకి ఇల్లంటే ఆ గదే. పొద్దున్నే ఆరింటికి తలుపు తీసి, పేపర్లు బల్ల మీద పరిస్తే గానీ ఆయనకి తెల్లవారినట్టు కాదు.

అంతకు ముందు ఆదివారం పఠనాలయం సభలో బాబాయికి పది నిమిషాలిచ్చారు. గంటా పది నిమిషాలైనా ఆయన ఆపలేదు. కాంపౌండరు లేచి బల్ల మీద గంట టంగుమని కొట్టాడు. జనం నవ్వారు. మర్నాడే బాబాయి ఆయన్ని పిలిపించి, దగ్గర కూర్చోబెట్టుకుని రాజీనామా రాయించాడు. ఆ కాగితం బాబాయి చొక్కా జేబులోంచి తొంగి చూస్తూనే ఉంది. ‘ఆమోదించాను’ అని సంతకం పెట్టడమే మిగిలింది.

ఆ సాయంత్రం పక్కింటి టైలరూ మేమూ టీకి కూర్చుని ఉంటే, కాంపౌండరు గుడ్డసంచీతో మా వరండాలోకి వచ్చాడు. సంచీలో పఠనాలయం తాళాలు, రిజిస్టరు, ఆ గంట.

“రండి కాంపౌండరు గారూ, కూర్చోండి,” అన్నాడు బాబాయి.

ఊహ తెలిసినప్పటినుంచీ ‘ఒరేయ్’ అని పిలిచినవాణ్ణి! ఆ ‘గారు’ విని టీ పోస్తున్న పిన్ని చెయ్యి ఆగింది. కాంపౌండరు కూర్చోలేదు, స్తంభం దగ్గరే నిలబడ్డాడు.

“ఏమండీ,” అంది పిన్ని, ఏమీ ఎరగనట్టు. “అప్పుడెప్పుడో పెద్దాయన తోటివాడి చేత రాజీనామా రాయించిన సంగతి చెప్పండి. టైలరు వినలేదట.”

టైలరు అది పదకొండుసార్లు విన్నాడు. “అసలు వినలేదు వదినా,” అన్నాడు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“ఏం చెప్పను తమ్ముడూ! ఆ రోజు నేను వెళ్ళింది చిన్న పని మీద. పార్టీ ఆఫీసులో మైకు గరగరలాడుతోందని కబురొస్తే వెళ్ళాను. వైరు వదులైంది, అంతే. బిగించి లేవబోతుంటే లోపలి గదిలోంచి పెద్దాయన గొంతు. ఆయన పార్టీకి నాయకుడు కదా, ఎదురుగా ఆయన తర్వాత అంతటివాడు, రెండో ఆయన. ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్ళు. పెద్దాయన కాగితం ముందుకి తోసి ‘అనారోగ్యం అని రాయి, సంతకం పెట్టు’ అంటున్నాడు. నేరమేమిటో తెలుసా? ముందురోజు సభలో పెద్దాయన మాట్లాడుతుంటే రెండో ఆయన ఆవలించాడు!”

“ఒక్క ఆవలింతకేనా?” అన్నాడు టైలరు.

“ఒక్కటే. కానీ మైకు నాది కదా, ఆఖరి వరుసదాకా వినపడింది. మూడువేలమందికీ అంటుకుంది. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చేతిలో మైకు ఆన్‌లో ఉంది! లోపల వీళ్ళు గుసగుసలాడుతుంటే బయట వీధంతా మార్మోగిపోతోంది. జనం మూగారు. మొదట వందమంది, టీ తాగేలోపు పదివేలు, గ్లాసు కింద పెట్టేసరికి లక్ష. రైలు ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి ‘ఇంతకీ సంతకం పెట్టాడా లేదా?’ అని నన్నే అడిగాడు.”

“స్టేషను అక్కడికి నాలుగు మైళ్ళు కదా అన్నయ్యా?”

“అందుకే రైల్లోనే వచ్చాడు.”

“పట్టాలో?”

“కథ మధ్యలో పట్టాలు అడక్కు. పెద్దాయన నన్ను చూశాడు. ‘మైకూ, నువ్వు చెప్పు, ఎవరిది తప్పు?’ అన్నాడు. ‘నిలబడి తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదండీ’ అన్నాను. లేచి తన కుర్చీ నాకిచ్చాడు. కూర్చున్నాను. మెత్తగా ఉంది, నాకేం కొత్తగా అనిపించలేదు.”

“మరి పెద్దాయన?”

“నేల మీద. నేను వద్దన్నా వినడే! అప్పుడు మైకు నోటి దగ్గర పెట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాను. ‘అయ్యా, శిక్ష ఆవలించినవాడికి కాదు, ఆవలింత తెప్పించినవాడికి!’ ఆ మాట వెళ్ళి కొండకి తగిలి తిరిగొచ్చింది చూడు, వచ్చేటప్పుడు ‘అవునవును’ అని రెండు ముక్కలు కలుపుకుని మరీ వచ్చింది.”

“ప్రతిధ్వని సొంతంగా మాట్లాడుతుందా?”

“మైకు మంచిదైతే మాట్లాడుతుంది. సముద్రం అవతల రెండు దేశాల్లో అదే వేళకి ఇద్దరు మంత్రుల చేత రాజీనామాలు రాయిస్తున్నారట, నా గొంతు విని చించేశారు. ఇక పెద్దాయన ఏడుపు చూడాలి! కాగితం మీద అక్షరాలన్నీ కరిగిపోయి తెల్లకాగితం మిగిలింది. దాని మీదే క్షమాపణ రాసి, రెండో ఆయన్ని కౌగిలించుకున్నాడు. ‘మైకూ, ఈ కుర్చీ ఇక నీదే’ అన్నాడు. ‘కుదరదండీ, రేపు పెళ్ళివారింట్లో సెట్టు కట్టాలి’ అని వచ్చేశాను. ఇప్పటికీ అంటాను, తోటివాణ్ణి గెంటినవాడు ఎంత పెద్దాయనైనా నా దగ్గర చిన్నవాడే!”

టైలరు చప్పట్లు కొట్టబోయి కాంపౌండరు వంక చూసి ఆగిపోయాడు.

పిన్ని గ్లాసులు సర్దుతూ మెల్లగా అడిగింది. “ఆవలించినవాడికి శిక్ష లేదన్నారు. బాగుంది. మరి గంట కొట్టినవాడికో?”

బాబాయి చెయ్యి తెలియకుండానే జేబు మీదికి వెళ్ళింది. కొండా పలకలేదు, రైలూ కదల్లేదు.

కాంపౌండరు సంచీలోంచి రిజిస్టరు తీశాడు. అందులోంచి పసుపుపచ్చగా మారిన మందుల చీటీ ఒకటి తీశాడు.

“ఆ రోజు నువ్వు పార్టీ ఆఫీసుకి వెళ్ళలేదు,” అన్నాడు. “మా ఆస్పత్రి బల్ల మీద ఉన్నావు. దవడపన్ను పీకారు. నోట్లో దూది నేనే కుక్కాను. సాయంత్రందాకా నువ్వు మూగవాడివి. రాజీనామా వార్త మనిద్దరం రేడియోలో విన్నాం. అక్షరాలేమీ కరగలేదు. రెండో ఆయన ఇంటికెళ్ళిపోయాడు, మళ్ళీ ఎవరూ పిలవలేదు.”

“చాల్లెండి, ఇప్పుడవన్నీ...”

“కానీ తీర్పు మాత్రం చెప్పావు. మాట రాక, నా చేతిలో చీటీ లాక్కుని రాశావు. ఇన్నేళ్ళూ దాచుకున్నాను. తాళాలతోపాటు ఇదీ అప్పజెప్పాలి కదా.”

చీటీ నేను అందుకున్నాను. పెన్సిలు రాత, బాబాయిదే. పైకి చదివాను. “తప్పు పెద్దాయనదే. తనే వెళ్ళి పిలుచుకు రావాలి.”

బాబాయి ఆ చీటీ నా చేతిలోంచి తీసుకున్నాడు. చెప్పిన కోతలన్నిటిలో ఆయన అన్న నిజమైన మాట అదొక్కటే, అదీ నోరు పెగలని రోజున. లేచాడు. కుర్చీ నుంచి స్తంభం దాకా నాలుగే అడుగులు. అంత దూరం ఆయన ఏమీ మాట్లాడకుండా నడవడం నేను అదే మొదటిసారి చూడడం. జేబులో కాగితం తీసి కాంపౌండరు చేతిలో పెట్టాడు.

“అనారోగ్య కారణాల వల్ల అని రాశావేమిట్రా? గుండ్రాయిలా ఉన్నావు. ఒరేయ్, అబద్ధాల కాగితాలు నేను తీసుకోను.”

“మీరా!” అంది పిన్ని.

టైలరు పొట్ట పట్టుకున్నాడు. కాంపౌండరు నవ్వలేదు, కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. సంచీ భుజాన వేసుకోబోయి, మళ్ళీ దించి, వచ్చాక మొదటిసారి కూర్చున్నాడు. పిన్ని ఆయన చేతికి టీ ఇచ్చింది. నేను మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు?

“అయినా ఆ పన్ను సంగతి మీకెవరికీ తెలియదు,” అంటూ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “మామూలు పన్నా అది! డాక్టరు ఒక్కడివల్ల కాలేదు. మొదట నలుగురు వచ్చారు, తర్వాత క్రేను...”

కాంపౌండరు టీ గ్లాసు పక్కన పెట్టి, సంచీలో చెయ్యి పెట్టాడు.

టంగ్!