వోలో

(నర్సింహులపేట దగ్గరి ఒక ఊరి చర్చి. ప్రదీప్ ఫాదర్ అయ్యే గురుపట్టాభిషేకానికి ఇంకా కొంచెం టైముంది. వెనక గదిలో అతను, వాళ్లమ్మ సత్తమ్మ.)

"మళ్ల అను. ఒక్కసారి నా ముందట అను బిడ్డా."

"అన్న కదవ్వా."

"గొణుగుడు కాదురా. బిషప్ అడుగంగనే జనమంత ఇనాలె. వో...?"

"వోలో."

"గట్టిగ!"

"గొంతు లేస్తలేదవ్వా."

"జర నీళ్లు తాగు. లాటిన్ మాటకే గింత పరేషానా? తెలుగుల అంటే సాలదా?"

"తెలుగుల ఇంక కష్టం. నాకు కావాలె అనాలె. నేనే కోరుకుంటున్న, నా ఇష్టంతోనే వస్తున్న అనాలె. ఇయ్యన్ని ఆ ఒక్క మాటలనే ఉన్నయి."

"అను మరి. ఏమైతది?"

"సెమినారీల ఆ మాటను ఎన్ని తీర్ల తిప్పాల్నో నేర్పిండ్రు. కావాలె, కావాల్ననుకున్న, రేపు సుత కావాలె... అన్నిట్ల పాసైన. నా కోసం మాత్రం ఒక్కసారి అనలేదవ్వా."

"ఏం మాట్లాడుతున్నవ్‌రా? బయట చుట్టాలంత కూసున్నరు. మీ బాపు యాటను కోపిచ్చిండు."

"తెలుసు."

"పిల్ల ఉన్నదా ఎవలన్న?"

"లేదు."

"మరేంది?"

"ఊపిరాడ్తలేదు. ఈ తెల్లబట్ట ఏస్కుంటే ఊపిరాడ్తలేదు. నన్ను ఇంటికి తీస్కపో అవ్వా, నీ కాల్మొక్త."

"గట్లనకు! చిన్నప్పుడు ఫిట్సొచ్చి కండ్లు తేలేస్తివి. బతికితే నీకే ఇస్త అని దేవునికి మొక్కిన."

"నువ్వు మొక్కినవ్. నన్ను అడిగినవా?"

"నా కడుపుల గడ్డ నన్ను ఉండనిస్తదా బిడ్డా? దవాఖానల ఏమన్నరో నువ్వు ఇన్నవ్. నీ చేతులకు నూనె పూసి గుడ్డతోని కడ్తరు సూడు, ఆ గుడ్డ నా చేతుల పెట్టి బొందపెట్టుండ్రి. నా కొడుకును ఇచ్చిన అని దేవునికి సూపిస్త. నాకు గదొక్కటే కావాలె."

"సరే."

"ఏం సరే?"

"అంట. వోలో అంట. నీ కోసం అంట. ఏడువకు."

"నా కోసమా?"

"ఇంకెవలి కోసం? జరుగవ్వా, గంట కొడ్తున్నరు."

"ఆగు."

"ఏమైంది?"

"ఆ తెల్లబట్ట ఇప్పు. మీ బాపును ఆటో తీయమను."

"అవ్వా... మరి నీ గుడ్డ?"

"అది సూపిస్తే, ఎవలు కోరుకున్నరే సత్తమ్మా అని దేవుడు అడుగడా? గాడ సుత ఆ మాట నేనే అనాల్నారా, వోలో అని?"