అన్నం క్యారేజీ తోలిన లోకల్

ఆస్పత్రి వరండా. బల్ల మీద ఇద్దరు ముసలాళ్లు: డీజిల్ లోకల్ రైలు తోలి రిటైరైన డ్రైవరు, అదే బండికి గార్డుగా చేసిన ఆయన బామ్మర్ది. మూసిన తలుపవతల డ్రైవరు భార్య.

“తిన్నావట్రా?”

“తిన్నా బావా. నీకూ పొట్లం తెచ్చా.”

“అక్కడ పెట్టు. పొద్దున ఎక్కడాపాను? ఆఁ, బండి కొత్తగా వచ్చిన రోజు. ఇంజను పెట్టె కిందే ఉందని జనానికేం తెలుసు? ‘పెట్టెలైతే వచ్చాయి, ఇంజనెప్పుడొస్తుందో’ అని ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారు. మనం వెళ్లిపోయాం. వారం రోజులు ఖాళీ బండి.”

“వారమా! ఒక్క పూట.”

“కథ చెప్పేది నేను. వారమే.”

“బావా, డాక్టరమ్మ పొద్దున కూడా అడిగింది.”

“విన్నా.”

“అక్కకిక తెలివి రాదట. ఊపిరాడేదంతా మిషనేనట. తీసెయ్యమనో ఉంచమనో నువ్వే చెప్పాలి.”

“విన్నానన్నానా! అలాంటి బండ్లు ఎన్నొచ్చాయి మనకి, పన్నెండా?”

“అదా ఇప్పుడు?”

“పన్నెండేనా కాదా?”

“పన్నెండే.”

“ఒకదాని రేడియేటరు పోతే ఇంకోదానిది పీకాం. దీని తలుపు దానికి, దాని చక్రం దీనికి. పీకగా పీకగా ఒక్కటి మిగిలింది. ఒంటినిండా అతుకులే. గేటు దగ్గర కుక్కలు దాన్ని చూసి మొరగడం మానేశాయి, ఏ బండో తేల్చుకోలేక.”

“నీకు కంట్లో చుక్క నీళ్లు లేవు. నవ్వుతాలు మాత్రం...”

“రావట్లేదురా. ఏం చెయ్యను? క్యారేజీ సంగతి గుర్తుందా?”

“వద్దులే బావా.”

“హ్యాండిలు మీద డ్రైవరు చెయ్యి నొక్కి ఉంచాలి. వదిలితే బండి దానంతటదే ఆగిపోవాలి. డ్రైవరు పోయినా జనం బతకాలని అలా చేశారు. మరి మనం తెలివైనవాళ్లం కదా! చెయ్యి నొప్పెడితే, బరువుకి ఆ హ్యాండిలుకి అన్నం క్యారేజీ తగిలించేవాళ్లం.”

“నువ్వు తగిలించి మూడు స్టేషన్లు నిద్రపోయావు.”

“రెండే. నువ్వెళ్లి మీ అక్కకి చాడీలు మోసేశావు.”

“మొయ్యనా మరి? వెనకపెట్టెలో ఉన్నది నేను!”

“ఆ మర్నాటి నుంచి క్యారేజీ బంద్. రిటైరయ్యేదాకా అన్నం గుడ్డలో మూటకట్టే ఇచ్చింది. కూర కారి చొక్కాలన్నీ మరకలు. ఆ రోజు ఏమందో చెప్పు.”

“గుర్తులేదు.”

“నీ ఎదురుగానే అంది.”

“...‘మనిషి లేకుండా బండి నడవకూడదు’ అంది.”

“అదే అంది.”

“బండి గురించి అంది బావా!”

“బండి గురించే.”

“చూడు, నా మాట విను. ఇంకో రెండ్రోజులు చూద్దాం. కొంపలేం మునిగిపోవు.”

“నిన్నట్నుంచి తేల్చు తేల్చు అని నా ప్రాణం తీసింది నువ్వేగా?”

“నేనే. ఇప్పుడు వద్దంటున్నా. ఒక్కగానొక్క అక్క బావా నాకు. ఉండు, డాక్టరమ్మతో నేనే చెప్పొస్తా, ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని.”

“కూర్చో.”

“ఒక్క నిమిషం బావా, ఇట్టే వచ్చేస్తా...”

“కూర్చోరా. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడే తీసెయ్యమని చెప్పేశాను. ఎంతోసేపు పట్టలేదు. చివరిదాకా పక్కనే ఉన్నా.”