పాత్రాస్ రేవులో పడిన గొళ్ళెం

నూనె గానుగ ఆగిపోయిందని తెలిసి మేమంతా ఫొటీని అనే ఆవిడ ఎదురుగా నడిపే కాఫీ కొట్లోకొచ్చి కూర్చున్నాం. ఆలివ్ కోతల కాలం, బయట సన్నటి చినుకు. మా సహకార సంఘంవాళ్ళు ఆ ఏడే గానుగలో కంప్యూటర్లు పెట్టారు. బరువుల గదిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, నూనె పట్టే చోట ఒకటి, మూడింటికీ కలిపి ఒకటే వరస. ఆ వరసలో పేరు పిలిస్తే తప్ప ఎవరి బస్తా విప్పరు. ఆ పూట మాత్రం ఆఫీసు చూసే అర్గిరో ఏ మీట నొక్కినా 'వరస వేరొకరి చేతిలో ఉంది, ఆగండి' అనే వస్తోంది.

అందరికంటే ఎవ్‌గేనియా అత్తకి గాభరా ఎక్కువ. తర్వాతి వంతు ఆవిడదే. వానకి తడిసిన కాయలు, బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే నూనె పాడైపోతుంది, ఏడాదంతా ఇంట్లో వండుకోవాల్సింది ఆ నూనెతోనే. ఆవిడ కాఫీ ముట్టకుండా కిటికీలోంచి గానుగ వైపే చూస్తూ కూర్చుంది.

మాలాగే వంతు కోసం వచ్చిన లాంబ్రోస్ మాత్రం కాలు మీద కాలేసుకుని మొదలుపెట్టాడు.

"ఇదీ ఒక తాళమేనా అత్తా! నేను పాత్రాస్ రేవులో, ఓడ టికెట్ల ఆఫీసులో ఉన్న రోజుల్లో ఇలాంటివి కాఫీ చల్లారేలోగా విప్పేసేవాణ్ణి."

"నువ్వక్కడ ఓడల్లో లారీలకి తాళ్ళు కట్టేవాడివని విన్నామే," అన్నాడు స్ట్రాటిస్ మావ.

"పొద్దున తాళ్ళు, సాయంత్రం కంప్యూటర్లు. మధ్యలో అడ్డం రాకు మావా. ముందు సంగతి అర్థం చేసుకోండి. గుమాస్తాలందరూ ఒకే ఫైల్లో రాస్తుంటారా, ఇద్దరు కలిసి ఒకే పడకని ఇద్దరికి అమ్మేశారనుకో, రాత్రికి ఓడలో ఒక పక్క మీద ఒక పాదిరీ, ఒక సారా వ్యాపారీ! అది జరక్కుండా ఏం చేశారంటే, ఎవరు ఏ రికార్డు దిద్దడానికి తెరిస్తే దానికి లోపల్నించి గొళ్ళెం పడుతుంది. వాళ్ళు దిద్ది, మూసి, బయటికొచ్చేదాకా మిగతావాళ్ళు గుమ్మంలో నిలబడాల్సిందే, స్నానాల గది దగ్గర నిలబడ్డట్టు. ఒక్క రికార్డుకి పడితే ఒక్క గదికి గొళ్ళెం. ఫైలు మొత్తానికి పడితే ఇంటికే గొళ్ళెం."

"మనకి ఇంటికే పడింది," అంది ఎవ్‌గేనియా అత్త.

"అదే చెబుతున్నా. మొదటిసారి నేను విప్పింది చాలా చిన్నది. ఒక గుమాస్తా ఒక సీటు తెరిచిపెట్టి మధ్యాహ్నం నిద్రకని ఇంటికెళ్ళిపోయాడు. ఆ సీటు కొనాల్సిన ముసలాయన కౌంటరు దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు. నేనెళ్ళి ఒక్క మీట నొక్కా, సీటు వచ్చేసింది. అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"పాపం," అంది ఫొటీని, కప్పులు తుడుస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడ ఇయోర్దానిస్ అని ఒకడు, పొలిక్సేనీ అని ఒకతె పక్కపక్క కంప్యూటర్లలో పనిచేసేవాళ్ళు. ఇద్దరికీ పెళ్ళి కుదిరి, గొడవొచ్చి, మాటల్లేవు. ఒక కమలాపళ్ళ వ్యాపారి వచ్చి నాకు గది కావాలి, నా లారీకి చోటు కావాలి అన్నాడు. గది రికార్డు వీడు తెరిచాడు, లారీ రికార్డు ఆవిడ తెరిచింది. వీడికి లారీ చూడందే గది రాయడానికి లేదు, ఆవిడకి గది చూడందే లారీ రాయడానికి లేదు. ముందు నువ్వు వదులు అంటాడు వీడు. నేనెందుకు వదలాలి, ముందు నువ్వే వదులు అంటుంది ఆవిడ. అదీ నేరుగా కాదు, వ్యాపారితో చెప్పిస్తున్నారు! అతను వీడి దగ్గర్నించి ఆవిడ దగ్గరికి, ఆవిడ దగ్గర్నించి వీడి దగ్గరికి తిరిగి తిరిగి బూటు అరిగి, ఆఖరికి మేజోళ్ళతో నిలబడ్డాడు. లారీలో కమలాలు ముగ్గి, కుళ్ళి, గింజలు మొలకెత్తాయి."

"లారీలోనే?" అన్నాడు స్ట్రాటిస్ మావ.

"లారీలోనే. తోట! పూత కూడా వచ్చింది. ప్రయాణికుల పట్టీ చేతికొస్తే తప్ప కెప్టెన్ లంగరు ఎత్తడాయె. ఓడ కదలదు. ఇటలీ నుంచి వచ్చిన ఓడకి ఆగే చోటు లేదు, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, అటు ఇటలీలో బ్రిందిజీ రేవు దాకా ఓడలే! ఒక కాపరి తన మేకల మందని ఓడల మీదుగా ఇటలీకి తోలుకెళ్ళి, మేపి, పాలు పితికి, వెనక్కొచ్చాడు."

"కాళ్ళు తడవకుండానా?"

"ఒక్క మేకకి తడిశాయి. అది మొదట్నించీ చెప్పిన మాట వినే రకం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడల మధ్య కదలడానికి జాగా లేక అలలు ఆగిపోయాయి. చేపలు పైకి తలెత్తి ఏమిటీ గొడవ అని అడిగాయి."

"మన భాషలోనే?" అంది ఫొటీని.

"మన వైపువి మన భాషలో. అటువైపువి వాళ్ళ భాషలో, చేతులు తిప్పుతూ."

"చేపలకి చేతులేవిట్రా?" అన్నాడు స్ట్రాటిస్ మావ.

"అదే నాకూ ఆశ్చర్యమేసింది! ఇదంతా ఒక ఎత్తు. ఓడ దీపాలు వెలిగించాలి కాబట్టి పొద్దు గుంకే వేళ కూడా ఆ ఫైల్లోనే రాస్తారు. ఫైలంతా బిగుసుకుపోయింది, సాయంత్రమైందని రాసే దిక్కు లేదు. సూర్యుడు వచ్చి కొండ మీద కూర్చున్నాడు. దిగడు! కోళ్ళు గూట్లోకి పోవాలో వద్దో తెలీక వాకిట్లో నిలబడి ఏడ్చాయి. ఏథెన్స్ నుంచి మంత్రిగారు ఫోను చేసి, నాయనా లాంబ్రోస్, మా ఆవిడ చీకటి పడితే గానీ భోజనం పెట్టదు, నువ్వే దిక్కు అన్నాడు. అప్పుడు వెళ్ళాను. కుర్చీలో కూడా కూర్చోలేదు. ఎడమ చేతిలో కాఫీ, కుడి చేతి చిటికెన వేలితో ఒకే ఒక్క నొక్కు! రెండు గొళ్ళాలూ ఒకేసారి ఊడాయి. ఓడలన్నీ ఒక్కసారిగా బయల్దేరిన తోపుకి ఇటలీ జానెడు పక్కకి జరిగింది. ఇయోర్దానిస్, పొలిక్సేనీ అక్కడికక్కడే ఒకర్నొకరు వాటేసుకున్నారు. వాళ్ళ పెళ్ళిలో పెళ్ళిపెద్దగా నిలబడి ఇద్దరి తలల మీద పెళ్ళి కిరీటాలు మార్చింది ఎవరనుకున్నారు? నేనే."

ఎవ్‌గేనియా అత్త నవ్వలేదు. "అన్నీ విప్పావు గానీ నాయనా, నా కాయలు ఉడికిపోతున్నాయి. భయంగా ఉందిరా నాకు. ఆ చిటికెన వేలు ఒకసారి ఇక్కడ కూడా పెట్టరాదూ?" అంది.

లాంబ్రోస్ సర్దుకుని కూర్చున్నాడు. "ఇందులో మిషను తప్పేమీ లేదత్తా. ఎవడో వెధవ వరస తెరిచిపెట్టి, మూయకుండా, ఎక్కడో కాఫీ తాగుతూ కూర్చునుంటాడు. వాణ్ణి ముందు పట్టుకోవాలి. పట్టుకుని కాయలతోపాటు గానుగలో వేసి పిండాలి!"

ఆ పూట అతను చెప్పినవాటిలో మేము నమ్మిన మాట అదొక్కటే. "పిండాలి, పిండాలి," అన్నాం అందరం. ఎవ్‌గేనియా అత్త అయితే బల్ల మీద చరిచింది కూడా.

సరిగ్గా అప్పుడే అర్గిరో తల మీద చినుకులు దులుపుకుంటూ లోపలికొచ్చింది.

"దొరికిందత్తా! బరువుల గదిలో తెర మీద వరస అలాగే తెరిచి ఉంది. ఒక్క పేరు తెరిస్తే ఆ ఒక్క పేరుకే తాళం పడేది. పేరు పైకి జరపాలనుకుంటే మాత్రం వరసంతా బిగుస్తుంది. బరువులతను బయట బస్తాలు దింపుతున్నప్పుడు ఎవరో లోపలికెళ్ళి కింద ఉన్న పేరుని పైకి జరుపుకున్నారు. సరే అని ఆఖరి మీట నొక్కడం తెలీక అలాగే వదిలేసి వచ్చేశారు."

"ఎవరి పేరు?" అన్నాడు స్ట్రాటిస్ మావ.

"లాంబ్రోస్ బాబాయిది. ఎవ్‌గేనియా అత్త పేరు మీదికి."

అందరం అతని వైపు తిరిగాం. లాంబ్రోస్ తన కప్పులో అడుగున ఉన్న మడ్డిని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"తూకం ఎంత రాశారో చూద్దామని..." అన్నాడు చివరికి.

"ఒరేయ్, నా ముందు కూర్చుని, నా కాయలు మగ్గబెట్టి, నాకే కథలు చెప్పావా?" అంది ఎవ్‌గేనియా అత్త.

"ఊరుకో అత్తా, నేను ఆ తెర మూసేశాను. బాబాయి జరిపింది నిలవలేదు, వరస ఎప్పట్లాగే ఉంది. గానుగ తిరుగుతోంది, నీదే వంతు, పద," అంది అర్గిరో.

అత్త గబగబా లేచి కండువా తలకి చుట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"లేవరా. బస్తాలన్నీ నువ్వే ఎత్తాలి."

లాంబ్రోస్ ఆవిడ వెంట నడిచాడు. చినుకుల్లో మొదటి బస్తా భుజానికెత్తుకుని మూలిగాడు, నాలుగడుగులు వేశాడు, మా వైపు తిరిగాడు.

"ఇదేపాటి బరువు! పాత్రాస్‌లో ఒకసారి లంగరు తెగితే నేను ఒక్కణ్ణే..."

"నోరు మూసుకుని నడువు," అంది అత్త.