నోటితో చెప్పిన నాలుగు అంకెలు

నా పేరు ఫరంగీస్ ఎస్కందరి. వయసు నలభై ఆరు. మాది ఇరాన్‌లోని కాషాన్. పాత తివాచీలకు చిరుగులు కుడతాను. టర్కీలోని వాన్ నగర పోలీసు స్టేషన్‌లో ఫిబ్రవరి పన్నెండున, పగలు పదకొండున్నరకు, స్టేషన్ దుబాసీ ద్వారా ఇది చెబుతున్నాను.

మా అమ్మాయి గోల్నూష్‌కు పదహారేళ్ళు. దాని జబ్బుకు వేసే సూదిమందు ఈ నెల మా దగ్గర ఎక్కడా దొరకలేదు. శుక్రవారంలోగా సూది పడకపోతే కాళ్ళు మళ్ళీ చచ్చుబడతాయని డాక్టరు చెప్పాడు. గాజులు అమ్మి డాలర్లు కొని, ఐస్ పెట్టె పట్టుకుని బస్సెక్కాను.

బస్సులో నా పక్క సీటు మహ్లఖాది. మా దేశంలోనే ఖోయ్ ఊరామె. ఆమెకు టర్కీ భాష వచ్చు, నాకు ముక్క రాదు. హోటల్లో ఇద్దరం ఒకే గది తీసుకున్నాం. నా పాస్‌పోర్టు భద్రంగా ఉంటుందని తన సంచిలో పెట్టుకుంది.

మా బ్యాంకు కార్డులు సరిహద్దు దాటితే చెల్లవు. "నోట్లు నడుముకు కట్టుకుని ఎక్కడ తిరుగుతావక్కా, ఇక్కడి కార్డులో వేయించుకో," అంది మహ్లఖా. నిన్న ఉదయం పదింటికి డబ్బు మార్చే దుకాణంలో అలాగే చేశాను. రహస్య సంఖ్య నేనే పెట్టుకున్నాను.

పదకొండింటికి మందుల షాపుకు వెళ్ళాం. సూదిమందు రేపు వస్తుందన్నారు. తలనొప్పి బిళ్ళలు మాత్రం కొన్నాను. మా దేశంలో కార్డు ఇస్తే షాపతను "సంఖ్య?" అంటాడు, మనం చెబుతాం, అతనే నొక్కుతాడు. చెప్పకపోతే అతన్ని దొంగ అన్నట్టు. అలవాటుగా "పదమూడు ఎనభై ఏడు" అన్నాను. అతను తెల్లమొహం వేశాడు. చెవుడేమో అనుకుని ఇంకా గట్టిగా అన్నాను. మహ్లఖా నవ్వి, "ఇక్కడ నోటితో చెప్పరక్కా, నువ్వే నొక్కాలి," అంది.

సాయంత్రం బిళ్ళ వేసుకుని పడుకున్నాను. కోటు తలుపు వెనక మేకుకు ఉంది. కార్డు కోటులో ఉంది.

ఈ ఉదయం తొమ్మిదిన్నరకు మందు వచ్చింది. సీసా కళ్ళతో చూశాను. కార్డులో డబ్బు లేదు. నిన్న సాయంత్రం ఆరింటికి హోటల్ పక్క డబ్బు తీసే యంత్రంలోంచి మొత్తం తీశారట. కార్డు మాత్రం కోటులోనే ఉంది. నాకంటే మహ్లఖాయే ఎక్కువ ఏడ్చింది. నన్ను ఇక్కడికి తీసుకొచ్చిందీ ఆమే. "హోటలోడి పేరు చెప్పక్కా, వాడి దగ్గర మారు తాళం ఉంటుంది," అంది. అదే చెబుదామని కూర్చున్నాను.

"ఆ సంఖ్య ఇంకెవరికి తెలుసమ్మా?" అని సార్ అడిగారు. ఎవరికీ తెలియదన్నాను. "షాపంతా వినేట్టు రెండుసార్లు అరిచానన్నావు కదా," అన్నారు.

అరిచాను. కానీ మా భాషలో అరిచాను సార్. ఆ షాపులో మా భాష తెలిసింది...

నా ఐస్ పెట్టెతో మహ్లఖా బయట బెంచీ మీద ఉందని వేలితో చూపించాను. జవాను వెళ్ళి పెట్టె ఒక్కటే తెచ్చాడు. అందులో నా పాస్‌పోర్టు ఉంది, ఇంకేమీ లేదు. "ఆమె కోసం వెతికిస్తాం, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం. నువ్వు ఇంటికి వెళ్ళొచ్చు," అంటున్నారు సార్. ఖాళీ పెట్టెతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఇదంతా నేను చెప్పిందే. నా భాషలో చదివి వినిపించారు, నిజమని ఒప్పుకుంటున్నాను. ఆ నాలుగు అంకెలు మా ఇరాన్ క్యాలెండరు లెక్కలో గోల్నూష్ పుట్టిన సంవత్సరం, కాగితంలోంచి కొట్టేయండి అని అడిగాను. ఇక దాచడానికి ఏముందమ్మా, ఉండనీ అన్నారు.

(సంతకం, కుడి బొటనవేలి ముద్ర) ఫరంగీస్ ఎస్కందరి