ఐదు నిమిషాల పొగ

బంద్ చెయ్యిరా ప్రణయ్, కారు బంద్ చేసి జర గిటు రా. రోజు పొద్దుగాల గీ అరుగు మీద కూసొని సూస్తనే ఉన్న నేను. వస్తవ్, స్టార్ట్ చేస్తవ్, ఫోన్ల ఏందో సూసుకుంట నిలవడ్తవ్, ఐదు నిమిషాలు కాంగనే బంద్ చేసి లోపలికి పోతవ్. బ్యాటరీ కోసమా? ఎవలు చెప్పిండ్రు? అగొ, ఫోన్లనే. సరే గని మొన్న పొల్యూషన్ టెస్టుకు పోయినవంట, ఏమన్నరు? ఫెయిలా. నాకెరుకే. నాలుగేండ్ల బండి, ఆరువేల కిలోమీటర్లు గూడ తిరగలే, ఇంట్ల కూసొనే నౌకరి చేస్తవ్ కాబట్టి బయటికి తీసుడే లేదు, కడిగి కవరేసి పెండ్లిపిల్ల లెక్క దాస్తవ్. గసుంటి బండి ఫెయిలెట్లయితదని పరేషాన్ అయితున్నవ్. బొగ్గుబాయిల పనిజేసిన ముసలోనికి కార్ల సంగతి ఏమెరుకని నవ్వుతున్నవ్ గదా, నవ్వు. గీ పొగ లెక్క నాకు తెలిసినంత మీ మెకానిక్కుకు గూడ తెల్వది. కూసో, ఆ కుర్చీల కూసో, చెప్త.

మీరు గీడికి రాకముందటి ముచ్చట. మా క్వార్టర్ల మా పక్కింట్ల అంబదాస్ అన్న అని ఉంటుండె. అసలు ఊరు ఆదిలాబాద్ అవుతల, మహారాష్ట్ర బార్డర్ మీద. ఇంట్ల మరాఠీ, బాయిల తెలుగు, కోపమొస్తె రెండూ గలిపి కొడ్తుండె. నన్ను బుచ్చి భావూ అనేటోడు. బుచ్చిరాములు అని నిండ పేరు పెట్టి పిలిచింది ఎన్నడూ లేదు. భావు అంటె వాళ్ల భాషల అన్నదమ్ముడన్నట్టు. మా ఇంటామె సారక్కనేమో తాయి అంటుండె, అక్కచెల్లెండ్లను గట్ల పిలుస్తరు. ఆయన డ్యూటీ ఏందంటె, బాయిల నీళ్లు తోడే పంపుల మీద. భూమి లోపల నీళ్లు ఊరుతనే ఉంటయి గదా, పంపు ఆగితె మునుగుడే. అందుకని ఒక పంపు నడుస్తుంటె ఇంకోటి ఖాళీగ పెట్టుకుంటరు, అక్కరకని. ఆ ఖాళీ పంపును ప్రతి షిఫ్టుల ఐదు నిమిషాలు నడిపి సూడాలె. నడువకుంట పెట్టినవనుకో, అక్కరపడ్డనాడు మొండికేస్తది. ముప్పైరెండేండ్లు గదే పని. ఐదు నిమిషాలు నడుపుడు, చెవు పెట్టి వినుడు, బంద్ చేసుడు. ఇగ ఆ ఐదు నిమిషాలు ఆయన నెత్తురులకు పోయినయి. జొన్నరొట్టె తినేటప్పుడు గూడ టైం సూసుకునేటోడు, నవ్వకు, నిజమే.

ఆయన పెండ్లాం బాలలక్ష్మి. మంచి మనిషి, మా వదినె. ఒకనాడు పగటిపూట ఛాతిల నొప్పని కూసున్నది. ఆటో కోసమని ఒకలు అటు, ఒకలు ఇటు ఉరికినం. ఆటో దొరికి ఇంటి ముందటికి వచ్చేసరికి ఆమె లేదు. పదకొండో దినం అయినంక అన్న మా ఇంటికి వచ్చి, ఇగ మన లైన్ల ఎవలు గూడ బండి కోసం ఎదురు సూడొద్దన్నడు. అన్నట్టే రిటైరైన నెలలనే, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర తెల్ల కారు కొన్నడు, పాతది, పెట్రోల్ బండి. మా లైన్ల మొదటి కారు అది. ఏం మురిపెం, ఏం మురిపెం! మా కిటికీ పక్కనే రేకుల షెడ్డు ఏసి అండ్ల పెట్టిండు. పెండ్లికి అడిగితె ఇయ్యలే, సిన్మాకు అడిగితె తిట్టి పంపిండు. ఏడాదికొక్కసారి కొండగట్టుకు, ఎవలకన్న పాణం బాగలేకుంటె దవాఖానకు, గంతే. మూడేండ్లల్ల ఎంత తిరిగింది అనుకుంటున్నవ్, ఐదారు వందల కిలోమీటర్లు. మరి అక్కరకని పెట్టుకున్న మిషన్ను ఏం చెయ్యాలె? మొదటి షిఫ్టు సైరన్ మోగంగనే లేసి, తాళం తిప్పి, ఐదు నిమిషాలు నడిపి బంద్ చేసేటోడు. ఎండ లేదు, వాన లేదు, ఒక్కనాడు తప్పలే.

ఇగ మా ఇంటి సంగతి విను. సారక్కకు అప్పటికే దమ్ము రోగం. చలికాలం వస్తె కూసొనే తెల్లారగొట్టేది. ఆ కారు తోక సక్కగ మా కిటికీకే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తె ఎట్లుంటది, ఘాటు పొగ, కండ్లల్ల నీళ్లు గారుతయి. కిటికీ మూసినా సందులకెళ్లి వచ్చేది. ఈమె తడి తువ్వాల కిటికీకి అడ్డం గట్టి, మొఖం కొంగుల పెట్టుకొని ఐదు నిమిషాలు అట్లనే ఉంటుండె. నేను పోయి చెప్తనని లేస్తె చెయ్యి పట్టుకొని ఆపింది. ఆయన పొద్దుగాల లేసి ఆ బండి నడిపేది నాకోసమే, నాకేమన్నయితె తీస్కపోవాలని, పెండ్లాం పోయినోడు గదొక్కటి పెట్టుకొని నిమ్మలంగున్నడు, నువ్వు నోరు తెరిసినవనుకో నీకు అన్నం పెట్ట అన్నది. నాకు భయం, ఆమెది మొండితనం. గట్ల మూడు చలికాలాలు గడిచినయి. ఏడాదికేడాదికి దమ్ము ఎక్కువైతుంటె మేము చలితోని అనుకున్నం, బొగ్గుదుమ్ముతోని అనుకున్నం. పొగ అనలే. అనకపోవుడు నా తప్పే, ఒప్పుకుంట.

అప్పుడే చౌరస్తల పొగ చెక్ చేసే బండి కొత్తగ వచ్చింది. అన్న ఆ కారును కడిగి తుడిసి, తెల్లంగి తొడుక్కొని, నన్ను పక్కన కూసొబెట్టుకొని పోయిండు. పోరడు పరీక్ష రాసి రిజల్టుకు పోయినట్టు పోయిండనుకో. ఆ టెస్టాయన సైలెన్సర్ల గొట్టం పెట్టి, మిషన్ దిక్కు సూసి, పెద్దాయనా, నీకంటె నీ ఎనుకనున్న లారీ నయం అన్నడు. ఇగ సూడు అన్న మొఖం. అరే బాబా, కాయ్ ఝాలా, ఏమైంది నీకు, ముప్పైరెండేండ్లు మిషన్లు సాదినోన్ని నేను, నా బండి పొగగొడ్తదా, నీ డబ్బనే కరాబైంది అని మరాఠీల ఒక మాట, తెలుగుల రెండు మాటలు. జనం గుమిగూడిండ్రు. నేనే గుంజుకొచ్చిన. దిష్టి తాకిందన్నా, కొండగట్టుకు పోదాం అంటి నేను. తెల్లారి సారక్కను ముందల కూసొబెట్టుకొని పోయినం. అంజన్న ముందట పూజ చేపిచ్చినం, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిచ్చినం, బానెట్ మీద సింధూరం. రానుపోను నూటయాభై కిలోమీటర్లు పైనే. వచ్చేటప్పుడు అదే చౌరస్తల, అదే మనిషి దగ్గర మళ్ల గొట్టం పెట్టిపిచ్చినం. పాస్! సగానికి సగం పడిపోయింది పొగ. నేను ఆ మిషన్‌కే దండం పెట్టిన. అంజన్న మహిమ అంటె అంబదాస్ అన్న మాత్రం నవ్వలే. నిమ్మకాయలు పోయినేడు గూడ తొక్కిచ్చిన గదా భావూ అన్నడు.

కాయితం వచ్చింది గదా, ఇంకోడైతె జేబుల పెట్టుకొని ఊకుంటడు. ఈయన నెల దినాలు మళ్ల పాత తీర్గనే పొద్దుగాల ఐదు నిమిషాలు నడిపి, తనంతట తానే మళ్ల టెస్టుకు పోయిండు. ఎవలన్న పోతరా గట్ల? ఫెయిల్. ఆ పగలంత షెడ్డుల ఇంజన్ ఇప్పుకొని కూసున్నడు. నన్ను పిలిస్తె పోయిన. ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసి సూపెట్టిండు. మూత లోపల తెల్లగ, మజ్జిగ మీద మీగడ లెక్క. నీళ్లు, ఆయిలు గలిసి. ప్లగ్గులు సూస్తె మసి పట్టి కాటిక డబ్బలైనయి. నాకర్థం గాలే. అప్పుడన్నడు, ఇంకా నా చెవులనే ఉంది ఆ మాట. "పంపుకు ఐదు నిమిషాలు సరిపోతయి భావూ. ఇది నిప్పు మీద బతికే మిషన్. పొయ్యి అంటు పెట్టి, ఎసరు మసులకముందే ఆర్పుతున్న నేను. మూడేండ్లు రోజు పొగే పెట్టిన, ఒక్కనాడు వండలే." తలకాయ లేపి షెడ్డు సూసిండు, సైలెన్సర్ సూసిండు, దాని ఎదురుంగ మా కిటికీ సూసిండు. లేసి నూనె చేతులతోని సక్కగ మా ఇంట్లకు నడిచిండు.

సారక్క బియ్యం ఏరుతుంది. తాయి, పొద్దుగాల పొగ నీకు వస్తుందా అని అడిగిండు. ఆమె తలకాయ లేపలే. "రాలేదన్నా, ఎన్నడూ రాలే." అంటుంటనే దగ్గొచ్చింది ఆమెకు. అన్న కిటికీ దగ్గరికి పోయి తువ్వాల ఇప్పి సూసిండు. తెల్ల తువ్వాల, నడిమిట్ల నల్లగ, చెయ్యంత మచ్చ. అది పట్టుకొని ఏడ్చిండు ప్రణయ్, అరవై దాటిన మనిషి. పెండ్లాం పోయిననాడు గూడ నేను ఆయన ఏడ్వంగ సూడలే. సారక్క లేసి తువ్వాల గుంజుకొని, ఏమాయెనన్నా, బతికే ఉన్న గదా, చాయ్ పెడ్త కూసో అన్నది.

ఇగ అప్పటికెళ్లి సూడాలె ఆయన పని! పాత ఆయిల్ గుంజేసి కొత్తది పోసిండు. కిలోమీటర్లు తిరగకపోయినా ఆయిల్ ఏడాదికొకసారి మార్చాలె, నిలవడ్డ పప్పు పాసిపోదా, అది గూడ గంతే అనేటోడు. ట్యాంకుల నెలల కొద్దీ ఉన్న పెట్రోలు తీసేసిండు. ఇంజన్‌కు గాలి వడగట్టే జాలి, ఫిల్టర్ అంటరు గదా, అది తీస్తె బొగ్గుదుమ్ము గడ్డ కట్టింది, అది మార్చిండు. టైర్లల్ల గాలి తక్కువుంటె ఇంజన్ ఎక్కువ కష్టపడ్తది, ఎక్కువ తాగుతది, ఎక్కువ పొగ ఇస్తదని వారానికోసారి గాలి సూపిచ్చేటోడు. అన్నిటికంటె పెద్దది, రోజు ఐదు నిమిషాల పని బంద్! ఉన్నకాడ నిలవెట్టి నడుపుడే లేదు. వారానికి ఒక్కసారి, ఐతారం, షెడ్డుల కెళ్లి బయటికి గుంజుడు, గోదావరి బ్రిడ్జి దాటి ఇందారం అవుతల దాక, ముప్పావు గంట తగ్గకుంట ఉరికిచ్చుడు. ఇంజన్ మంచిగ వేడెక్కితె లోపలి నీళ్లన్నీ ఆవిరై పోతయి. నీ బండికైతె సైలెన్సర్ల పొగను కడిగే జాలి ఒకటి ఉంటదట గదా, అది గూడ వేడెక్కితేనే పనిచేస్తదట, మొన్న టీవీల చెప్పిండ్రు. అన్న ఇరువై ఐదేండ్ల కిందనే చెప్పె! ఐతారం వస్తె సారక్క ముందల సీట్ల, నేను ఎనుక. బ్రిడ్జి మీద అద్దం దించి గోదావరి గాలి పీల్చుకునేది ఆమె. నాలుగోసారి టెస్టుకు పోతె ఆ టెస్టాయనే లేసి అన్నకు చాయ్ తాపిచ్చిండు, మిషన్ల నంబర్ గంత తక్కువొచ్చింది. సారక్కకు దమ్ము పోలే గని, ఆ ఏడు కూసొని తెల్లారగొట్టుడు తప్పింది. తర్వాత రెండేండ్లకు ఒక మధ్యానం నిజంగనే పెద్దగ ఎగపోత వచ్చింది, పెదవులు నల్లబడ్డయి. అన్న తాళం తిప్పుడుతోనే, ఒక్క సెల్ఫుకు, ఇట్ల లేసింది బండి. కరీంనగర్ దవాఖానకు ఎట్ల తీస్కపోయిండో ఆయనకే ఎరుక. బతికింది. గదిగో, లోపల నిన్ను నన్ను గలిపి తిడుతున్నది ఆమెనే.

అన్ననా. అన్న ఎట్ల పోయిండంటె... ఆయన ఐతారం ఐతారం అనేటోడు, భావూ నువ్వు గూడ నేర్చుకో, ఖాళీ రోడ్డుంది, పట్టు స్టీరింగ్ అని. నువ్వున్నవ్ గదన్నా, నాకెందుకు అంటుంటి నేను. ఒక బేస్తారం నాడు, పగలే, మంచం మీద కూసొని ఛాతి పట్టుకున్నడు. తాళం తీసి నా చేతుల పెట్టిండు. నేను ఉరికి సీట్ల కూసొని తిప్పిన, ఒక్క సెల్ఫుకు లేసింది. గేర్ ఎటు ఎయ్యాలెనో తెల్వది నాకు. దాన్ని అట్లనే ఇడిసి డ్రైవర్ కోసం లైను లైనంత ఉరికిన, డ్యూటీల టైం, మొగోళ్లు ఒక్కలు లేరు. ఎవల్నో పట్టుకొని వచ్చేసరికి అరగంట అయింది. కారు స్టార్టింగుల్నే ఉంది. పొగ అన్నది లేదు.

...

ఏం లేదు, ఊకెనే. అవుగని ప్రణయ్, మీ ఇంటామె మమతారాణికి నడుపుడు వస్తదా? రాదా. పిలువు ఆమెను. వంట తర్వాత చేసుకుంటది, పిలువు. ఇయ్యాల ఇందారం తొవ్వల ఆమె స్టీరింగ్ పట్టుకుంటది, నువ్వు పక్కన కూసొని చెప్పు. ఆగు, నేను చెప్పులేసుకుంట.