కండక్టర్ గొంతు ఏ ఫోల్డర్‌లో ఉంది?

"మీ నోట్‌కి మీరు జతచేసిన ఫైలు మీదే. మీరు చెప్పకుండా దాన్ని మేం ముట్టుకోం."

చదివాను బావా, పైకే చదివాను. నీ వెనక గోడ మీద ఉంది. మన నోట్స్ యాప్ తెరిస్తే మొదటి పేజీలోనూ ఉంది. రాసింది నువ్వే. ఏం, నవ్వొస్తోందా? నాకూ వచ్చింది నిన్న. తర్వాత పోయింది.

ఆఫీసులో సార్ అనమన్నావు, ఇన్నాళ్ళూ అన్నాను. ఇవాళ అనను. కూర్చోను కూడా. కూర్చుంటే టీ తెప్పిస్తావు, టీ తాగితే నా కోపం చల్లారుతుంది. నీకు తెలుసు ఆ సంగతి.

నీ భార్య మాట పోయినవాళ్ళకి మాట నేర్పుతుంది, గుర్తుందా? నీకు మాత్రం నేర్పలేకపోయింది, అది వేరే విషయం. అక్క దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. రిటైరైన బస్సు కండక్టర్. పక్షవాతంతో మాట పడిపోయింది. నెలల తరబడి నేర్పితే ఆయన నోట వచ్చిన మొదటి మాటేంటో తెలుసా? భార్య పేరు కాదు. "ముందుకి జరగండి!" ఆవిడ పక్కనే ఉందట. ఏడుస్తూనే జరిగిందట.

అక్క అది రికార్డు చేసి, మన యాప్‌లో ఆయన నోట్‌కి జతచేసింది. ఇంటి దగ్గర చేయాల్సిన సాధన కోసం ఇంకో నోట్ ఉంటే, అందులోకీ లాగింది. తన లెక్కలో ఫైళ్ళు రెండు. మన సర్వర్‌లో దాచేది ఒక్కటే, చోటు కలిసొస్తుందని. అంతవరకూ తప్పు కాదనుకో.

ఆయన బాగుపడ్డాక, ఆయన నోట్‌ని 'పూర్తయినవి' అనే ఫోల్డర్‌లోకి మార్చింది. ఫైలు కూడా తోకూపుకుంటూ వెంట వెళ్ళింది. ఎవరైనా అడిగారా? "అమ్మా, ఇది ఇంకో నోట్‌లో కూడా ఉంది, ఇక్కడే ఉంచమంటారా?" అని? అబ్బే! మొన్న సర్దుతూ ఆ ఫోల్డర్ తీసేసింది. సాధన నోట్‌లో ఇంకోటి ఉందిగా అన్న ధైర్యం. తెరిచి చూస్తే బూడిదరంగు డబ్బా. "ఫైలు కనబడలేదు." కనబడలేదట! మనమే మోసుకెళ్ళి, మనమే పారేసి!

తెర మీద అలా అడిగే పెట్టె నేను గీసి చూపించాను బావా, ఈ గదిలోనే. "ప్రశ్నలేస్తే జనం విసుక్కుంటారోయ్" అన్నావు. జనమా! అడక్కుండా చేసే మేలు పెత్తనమే! చరిత్రలో ప్రతి నియంతా... సరే, సరే. ఉపన్యాసం ఆపాను.

పెద్దాయనకి మళ్ళీ వచ్చింది పక్షవాతం. మళ్ళీ మాట లేదు. ఎవరు పలకరించినా గోడవైపు తిరుగుతున్నాడు. తన గొంతు తనకే వినిపిద్దామని అక్క ఆ ఫైలు వెతికింది. అదీ సంగతి.

ఏంటి? సర్వర్ చెత్తబుట్టలో ఉంటుందా? ఉంది, చూశాను. అలాంటివి ఇంకా ఎందరివో ఉన్నాయి. పదిహేనో తారీఖున బుట్ట దానంతటదే ఖాళీ అయిపోతుంది. ఆపే అధికారం నీ ఒక్కడిదే.

అక్క ఫైలొక్కటీ తీసిచ్చేస్తావా, గప్‌చుప్‌గా? ఆ సలహా నేనే ఇచ్చాను అక్కకి. బట్టలు మడతపెడుతూ ఏమందో తెలుసా? "మొగుడికి కంపెనీ లేనివాళ్ళు ఏం చేయాలిరా?" అంది. "అందరివీ ఇమ్మను. తప్పు మాదేనని అందరికీ చెప్పమను. అప్పుడు నాదీ తీసుకుంటా."

సమాచారం ప్రజలది అని నా టీషర్టు మీద రాసుంది. తనకి అలాంటి టీషర్టు కూడా లేదు.

అవును, చెబితే పరువు పోతుంది. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. చేయనీ.

అక్క మొండిదా? మొండిదే. నువ్వు చెప్పకపోతే ఆ పెద్దాయన గొంతు కూడా మిగతావాటితోపాటే పోతుంది. అక్క నిన్ను ఒక్క మాట అనదు. ఆయనకి మొదటి అక్షరం నుంచి మళ్ళీ నేర్పుకుంటుంది, ఈసారి వస్తుందో రాదో. నేనేం చేయగలను? వ్యవస్థని కూలుస్తానని తిరిగేవాణ్ణి, పాస్‌వర్డ్ లేదు.

కిటికీవైపు చూడకు బావా. ఇప్పటికిప్పుడు చెప్పమనడం లేదు. అవునో కాదో, రెంటిలో ఒకటి. ఈ నెల పద్నాలుగు, గురువారం, సాయంత్రం ఆరు లోపల.