అక్కగారు రాయమన్న పదిహేడు రోజులు

వేయి తొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం, జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం మన స్త్రీల ఆసుపత్రి రికార్డు గదిలో కనిష్ఠ సహాయకురాలిగా ప్రవేశించి, ముప్పై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం రికార్డుల పర్యవేక్షకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన అక్కగారిని అభినందించే భాగ్యం ఈ ప్రత్యేక సంచిక ద్వారా సహోద్యోగులందరికీ కలిగింది. వారికి అధికారికంగా ఒక పేరున్నదన్న సంగతి హాజరు పట్టీ చూసేవారికి మాత్రమే తెలుసు. సూపరింటెండెంటు మొదలు లిఫ్టు నడిపే పెద్దాయన వరకు అందరికీ వారు అక్కగారే. పదేళ్ళు పెద్దవారైన వైద్యులు సైతం అలాగే పిలిచేవారంటే ఆ గాంభీర్యం ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

వారు చేరిననాటికి రికార్డు గది నేలమాళిగలో, సరిగ్గా నీటి గొట్టం కింద ఉండేది. చేరిన మూడో నెలలో ఆ గొట్టం కాస్తా పగిలింది. తడిసిన పదకొండు వందల కేసు షీట్లను వరండాలో తాళ్ళు కట్టి ఆరవేసి, ఒక్క పుట పోకుండా తిరిగి కుట్టించిన ఆ కొత్త ఉద్యోగిని చూసి నాటి సూపరింటెండెంటుగారు నోరు వెళ్ళబెట్టారట. ఆ దెబ్బతో గది మొదటి అంతస్తుకు మారింది.

రోగి చేరిన క్షణం నుంచి ఇంటికి వెళ్ళేదాకా ఎవరు ఏ వేళ ఏం చూశారో, ఏం ఇచ్చారో రాసిపెట్టే కాగితాల కట్టే కేసు షీటు. దాని విషయంలో అక్కగారికి రెండు నియమాలు ఉండేవి. ఖాళీ గడి ఉన్న షీటు అరలోకి వెళ్ళకూడదు. అరలోకి వెళ్ళిన షీటులోని మాట గది దాటకూడదు. గడి ఖాళీగా కనిపిస్తే చాలు, "దయచేసి పూరించగలరు" అన్న చీటీ అంటించి షీటును వచ్చిన దారినే పంపేవారు. వైద్యులు వారి చాటున "తిరుగుటపా" అని పేరు పెట్టారు. అది వారి చెవిన పడింది కూడా. "పెడితే పెట్టారు, గడి నింపారా లేదా?" అన్నారే తప్ప నొచ్చుకోలేదు.

అవార్డులు, ప్రశంసాపత్రాలు, పదోన్నతుల తేదీలు అన్నీ సేకరించి సంచిక సంఘం తమ ముందు పెట్టినప్పుడు అక్కగారు ఆ కాగితాన్ని పక్కకు నెట్టారు. "ఇవన్నీ తీసేసినా ఫరవాలేదు. ఆ పదిహేడు రోజులు మాత్రం రాయండి. అవి రాయకుండా నన్ను పొగిడితే ఆ పుస్తకం నేను ముట్టను" అన్నారు. కనుక రాస్తున్నాం.

పన్నెండేళ్ళ కిందటి మాట. మన కార్యాలయపు టైపిస్టు అప్పుడు మూడోసారి గర్భవతి. మొదటి బిడ్డ ఆరో నెలలో, రెండో బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయారు. రెండుసార్లూ బీపీ ఉన్నట్టుండి పెరిగినందువల్లే. ఈసారి బిడ్డతోపాటు తల్లికీ ప్రమాదమేనని ముందే చెప్పారు. అంతవరకు కంటికి రెప్పలా చూసుకుంటున్న పెద్ద డాక్టరుగారు సరిగ్గా ఆరో నెలలో తమ గుండెకే ఆపరేషను పడి దీర్ఘకాలపు సెలవు మీద వెళ్ళిపోయారు. టైపిస్టు నేరుగా రికార్డు గదికి వచ్చి కూర్చుంది.

"మీ చేతుల మీదుగా అందరి షీట్లూ వెళ్తాయి కదక్కా. లోపలి మాట చెప్పొద్దు. ఎవరి దగ్గరికి వెళ్ళమంటారో అది చెప్పండి చాలు."

అప్పట్లో కష్టమైన కాన్పులు చూసే వైద్యులు మన ఆసుపత్రిలో ఇద్దరుండేవారు. ఒకరి చేతిరాత ముత్యాలు పేర్చినట్టుండేది. వారి షీటులో ఒక్క గడి ఖాళీ ఉండదు, ఒక్క కొట్టివేత ఉండదు. రికార్డు గదిలో వారికి ముత్యాల డాక్టరని పేరు. రెండోవారివి అచ్చమైన కోడిగీతలు. సగం గడులు ఖాళీ, రెండు మూడు రంగుల సిరా, అంచుల్లో బాణాలు, కొట్టివేతలు. కోడిగీతల డాక్టరుగారికి వెళ్ళినన్ని చీటీలు మరెవరికీ వెళ్ళలేదు. ఒక సమావేశంలో వారు విసిగి, "మీకు కాగితం ముఖ్యం, నాకు మనిషి ముఖ్యం" అని అందరి ముందూ అనేశారు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అక్కగారు క్షణమైనా ఆలోచించలేదు. ముత్యాల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. పని శుభ్రంగా చేసేవారి కాగితం శుభ్రంగా ఉంటుందన్నది ఇరవై రెండేళ్ళుగా వారు నమ్మిన మాట. రికార్డుల మనిషి తప్ప మరొకరు చేయలేని పొరపాటు అది.

మొదటి పరీక్షకు, రెండో పరీక్షకు మధ్య రెండు వారాలు. రెండో పరీక్ష అయిన మర్నాడు, అంటే పదహారో రోజున, భోజనాల వేళ టైపిస్టు కుర్చీ కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. తలనొప్పని అప్పటికి మూడు రోజులుగా అంటోంది.

"డాక్టరమ్మకు చెప్పావా?" అని అడిగారు అక్కగారు.

"చెప్పానక్కా. ఈ నెలల్లో మామూలే అన్నారు. బీపీ బాగానే ఉన్నట్టు పుస్తకంలో రాశారు."

అక్కగారు ఆమె పరీక్షల పుస్తకం తీసి చూశారు. మొదటిసారి నూట ముప్పై, ఎనభై. రెండోసారీ నూట ముప్పై, ఎనభై. రాత ముత్యాలే.

"చేతికి బీపీ పట్టీ చుట్టి చూశారా నిన్న?"

"లేదక్కా. నర్సు సెలవులో ఉంది. వచ్చేసారి చూద్దామన్నారు."

అక్కగారు అన్నం డబ్బా మూత పెట్టేసి లేచారు. గదిలోకి వెళ్ళి ముత్యాల డాక్టరుగారి షీట్లు నలభై కిందికి దింపించారు. ఏళ్ళ తరబడి తమ చేత్తోనే "పూర్తి" ముద్ర వేసిన షీట్లవి. ఈసారి గడులు నిండాయా లేదా అని చూడలేదు, గడుల్లో ఏముందో చూశారు. పది గంటలు, పదిన్నర, పదకొండు, పదకొండున్నర. ఏ తల్లికి నొప్పులు మొదలైనా గడియారం అరగంటల మీదే నడిచింది. నాలుగు రోజుల రాత ఒకే సిరాతో, ఒకే ఒరవడిలో, ఒక్కసారే కూర్చుని రాసినట్టుంది. అప్పుడు కోడిగీతల షీట్లు దింపించారు. పదకొండు దాటి ఏడు నిమిషాలు. పదకొండు దాటి పంతొమ్మిది. ఇక్కడ సిరా మారింది, ఇక్కడ చెమట చెయ్యి తగిలి అక్షరం అలికింది, ఇక్కడ "ముందు రాసింది తప్పు, మళ్ళీ చూశాను" అని ఉంది. అవి మంచం పక్కన నిలబడి రాసినవి. అక్కగారు నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయారు.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటుగారికి రాతపూర్వకంగా నివేదించారు. విచారణ సంఘం వేస్తామన్నారు. సంఘాలు తీరిగ్గా కూర్చుంటాయి గానీ ఏడో నెల కడుపు కూర్చోదు కదా. సాయంత్రం ఆరింటికల్లా అక్కగారు టైపిస్టు ఇంటి గుమ్మంలో ఉన్నారు.

"డాక్టరును మార్చాలి. రేపే."

టైపిస్టు భర్త బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. "అదేంటండీ. మీరు చెప్పారనే కదా అక్కడికి వెళ్ళాం. ఏడో నెలలో మార్చమంటే ఎలా? ఇదేమన్నా కూరగాయల కొట్టా, ఇక్కడ బాగాలేదని పక్క కొట్టుకు వెళ్ళడానికి?"

"నిన్న బీపీ చూడకుండానే రాశారు బాబూ."

"ఒక్కసారి మర్చిపోయుంటారు. ఎవరైనా మర్చిపోతారు. ఇంకేమన్నా ఉంటే చెప్పండి."

ఉంది. నలభై షీట్లలో ఉంది. కానీ అవి నలభై మంది పరాయి తల్లుల గుట్టు. ఆ ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని అక్కగారు పడిన నరకం ఇంతా అంతా కాదు. చెబితే ఇరవై రెండేళ్ళ నియమం పోతుంది, చెప్పకపోతే ఒక ప్రాణమో రెండు ప్రాణాలో పోతాయి. చివరకు ఇంత మాత్రం అన్నారు: "నేను తప్పు చెప్పాను. కారణం అడగొద్దు. తప్పు నాదే."

టైపిస్టు అత్తగారు గొణిగింది. భర్త తల పట్టుకున్నాడు. టైపిస్టు మాత్రం గోడ పట్టుకుని లేచింది.

"ఈ తొమ్మిదేళ్ళలో అక్క నోట నాదే తప్పన్న మాట నేను వినలేదు. రేపు వెళ్దాం."

మర్నాడు ఉదయం కోడిగీతల డాక్టరుగారి గది ముందు ముప్పై ఒకటో టోకెను పట్టుకుని అక్కగారు అందరితో పాటు బెంచీ మీద కూర్చున్నారు. గంటన్నర గడిచింది. టైపిస్టుకు కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నాయని తెలిశాక ఇక ఆగలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు.

డాక్టరుగారు తల ఎత్తి చూశారు. "ఏంటి, ఇవాళ చీటీ చేత్తోనే తెచ్చారా?"

"చీటీ కాదు డాక్టరుగారూ, మనిషిని తెచ్చాను. ముందు ఈవిడను చూడండి. నన్ను తర్వాత తిట్టండి."

డాక్టరుగారు పట్టీ తమ చేత్తోనే చుట్టారు. చూశారు. రెండో చేతికి చుట్టి మళ్ళీ చూశారు. నూట డెబ్భై, నూట పన్నెండు.

"ఇవాళే చేరాలి. ఇంటికెళ్ళి బట్టలు తెచ్చుకుంటానని కూడా అనొద్దు" అన్నారు డాక్టరుగారు. తరువాత భర్త వైపు తిరిగారు. "ఇది నేనొక్కదాన్నే చూసే కేసు కాదు. మత్తు డాక్టరును, పసిపిల్లల డాక్టరును ఇప్పుడే పిలుస్తున్నా. తొమ్మిది నెలలూ నిండిస్తానని మాట ఇవ్వలేను. ఫిట్స్ వస్తే ఇద్దరికీ కష్టమే. గంట గంటకూ చూస్తానని మాత్రం మాటిస్తా."

ముందురోజు అంత వాదించిన ఆ డ్రైవరు అప్పుడు తల ఊపాడు. భయం లేదన్న డాక్టరు దగ్గర అతనికి కలగని ధైర్యం, మాట ఇవ్వలేనన్న డాక్టరు దగ్గర కలిగిందని తరువాత అతనే చెప్పాడు.

ఇరవై మూడు రోజులు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు, తల్లికి ఫిట్స్ రాకుండా మందు, గంట గంటకూ మంచం పక్కన కోడిగీతలు. అక్కగారు రోజూ భోజనాల వేళ వార్డు గుమ్మం దాకా వెళ్ళేవారు, లోపలికి మాత్రం వెళ్ళేవారు కాదు. ఇరవై నాలుగో రోజు ఉదయం బీపీ మందులకు లొంగడం మానేసింది. ఆపరేషను గది తలుపు మూసుకుంది. కింద రికార్డు గదిలో ఒక్క కాగితం కదల్లేదు. పదకొండు దాటి నలభై రెండు నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. బరువు కేజీ నాలుగు వందల గ్రాములు. తల్లి కళ్ళు తెరవడానికి మరో రెండు రోజులు పట్టింది.

అందరూ గాజుపెట్టెలోని బిడ్డను చూసి వచ్చారు, అక్కగారు తప్ప. పదిహేడు రోజులు తమ మాట మీదే ఆ ఇద్దరూ చావు అంచున తిరిగారన్న దిగులు వారిని వదల్లేదు. టైపిస్టు తిరిగి డ్యూటీలో చేరిన రోజున బిడ్డను నేరుగా రికార్డు గదికే తెచ్చి వారి ఒళ్ళో పెట్టింది. "మీరు తప్పు చెప్పారని ఎంతకాలం కుమిలిపోతారక్కా? తప్పని చెప్పడానికి ఇంటికి నడిచి వచ్చారు. అందుకే మేమిద్దరం ఉన్నాం. ఎత్తుకోండి." అక్కగారి కంట నీరు మన కార్యాలయం చూసింది అదే మొదలు, అదే తుది.

ముత్యాల డాక్టరుగారు ఆ ఏడాదే వేరే చోటికి వెళ్ళిపోయారు. వారిని నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విచారణ నివేదిక నోటీసు బోర్డుకెక్కింది కనుకనే ఇంత మాత్రం రాయగలిగాం. పరీక్ష చేసిన వేళను చేసిన చోటనే రాయాలన్న నిబంధన ఆ నివేదికతోనే వచ్చింది. పిమ్మట అక్కగారు పర్యవేక్షకురాలై, కాగితాల నుంచి కంప్యూటర్లకు మారిన గడ్డు కాలంలో గదిని నిలబెట్టి, ముప్పై మందికి పైగా కొత్తవారికి పని నేర్పారు. నిండిన గడినే ఎక్కువ అనుమానంగా చూడమన్నది వారు నేర్పిన మొదటి పాఠం.

లెక్కల మాస్టారుగా విశ్రాంతి పొందిన వారి శ్రీవారితో కలిసి మన అక్కగారు ఇకమీదట నిశ్చింతగా, నిండు ఆరోగ్యంతో కాలం గడపాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. కేజీ నాలుగు వందల గ్రాములతో ఈ లోకంలోకి వచ్చిన ఆ అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్ళు. రేపు పెద్దదై, తానొక తల్లి కాబోయే వేళ మంచి డాక్టరు కోసం వెతుక్కుంటే, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ బెంచీ మీద పక్కన కూర్చునేంత దీర్ఘాయుష్షు మన అక్కగారికి కలుగుగాక.